మొహమాటం ఒడ్డునే దిగిపోవాలి

చాక్లెట్ కాగితం చింపలేకపోయాడు. మాకు మొదట కనిపించింది అదొక్కటే.

జనవరి నెల, శనివారం, మధ్యాహ్నం ఒంటిగంట. అమెరికా వాయవ్య మూలన, సియాటిల్ నుంచి ఉత్తరంగా కారులో గంటన్నర వెళితే డిసెప్షన్ పాస్ వస్తుంది. అక్కడ బోమన్ బే అనే చిన్న అఖాతంలో అన్నయ్య, వదిన, తమ్ముడు, నేను నాలుగు కయాక్‌లు నీళ్లలోకి దించి, రొజారియో కొన చుట్టి, తీరం వెంబడి ఉత్తరంగా సాగాం. గంటా పావు తెడ్డు వేశాక పడవలన్నీ ఒకదానికొకటి ఆనించి కాసేపు ఆగాం. మాలో అందరికంటే చిన్నవాణ్ని తమ్ముడనే పిలుస్తాం. లైఫ్ జాకెట్ జేబులోంచి చాక్లెట్ తీశాడు. వేళ్లతో లాగాడు, అరచేతుల మధ్య నొక్కాడు, పళ్లతో పట్టి లాగాడు. కాగితం అలాగే ఉంది. వదిన చూసి, "ఇలా ఇవ్వు" అని తీసుకుని చింపి ఇచ్చింది.

"చలేస్తోందా?"

"పర్లేదు వదినా, బానే ఉన్నా."

ఆ మాట ముద్దముద్దగా వచ్చింది.

నిజానికి అతను అరగంట నుంచీ వణుకుతున్నాడు. మణికట్టు దగ్గర నీటిని ఆపే డ్రై సూట్ రబ్బరు పట్టీ మడతపడి సరిగ్గా కూర్చోలేదు. తెడ్డు వేసినప్పుడల్లా చన్నీళ్లు లోపలికి దిగి, లోపలి వెచ్చటి చొక్కా మోచేతి దాకా తడిసిపోయింది. గాలి లేస్తోందని కూడా మా అందరికంటే ముందు గమనించింది అతనే. ఇదంతా ఒడ్డు చేరాక చెప్పాడు. మరి అక్కడే ఎందుకు చెప్పలేదని అడిగితే తల దించుకున్నాడు. "అన్నయ్య అంత ఉత్సాహంగా ముందు వెళుతున్నాడు. నా ఒక్కడి వల్ల అందరూ వెనక్కి తిరగాలా అని మొహమాటపడ్డాను" అన్నాడు.

ఈ అధ్యాయం ఆ ఒక్క మాట గురించి. కయాక్ మీరెప్పుడూ ఎక్కకపోవచ్చు. కానీ మొహమాటం తెలియని తెలుగువాళ్లు లేరు. పెళ్లి భోజనంలో వద్దనలేక తిన్న మూడో గరిటె పులిహోర దగ్గర్నుంచి, స్నేహితుడి అప్పుకి హామీ సంతకం దాకా దాని చెయ్యి ఉంటుంది. నేల మీద దాని ఖరీదు కాస్త అజీర్తి, కాస్త డబ్బు. చలికాలపు సముద్రం మీద ఆ లెక్క పూర్తిగా మారిపోతుంది. స్నేహితుల మధ్య నిజం చెప్పడం ఎలా అలవాటు చేసుకోవాలో నాకు ఆ సముద్రమే నేర్పింది కాబట్టి, అక్కడి నుంచే చెబుతాను.

నీళ్ల లెక్క

ఆ ప్రాంతంలో చలికాలం నీటి వేడి 8 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూ ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన మంచినీళ్ల సీసాని గుర్తు తెచ్చుకోండి. చేత్తో పట్టుకుంటే హాయిగా ఉంటుంది. అందులో మెడదాకా మునిగితే ఏమవుతుందో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గార్డన్ గీస్‌బ్రెక్ట్ ఏళ్ల తరబడి పరిశోధించారు. తానే మళ్లీమళ్లీ చన్నీళ్లలో దిగి చూశారు కూడా. ఆయన చెప్పిన సూత్రం 1-10-1. మొదటి 1 నిమిషం ఊపిరి మన అదుపులో ఉండదు. గట్టిగా ఎగశ్వాస వస్తుంది, ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే ప్రమాదం అక్కడే. ఆ తర్వాత సుమారు 10 నిమిషాల పాటు చేతులూ కాళ్లూ మన మాట వింటాయి, ఆపైన వినవు. స్పృహ తప్పడానికి మాత్రం దాదాపు 1 గంట పడుతుంది.

చన్నీళ్లలో పడ్డవాడు వెంటనే గడ్డకట్టి చనిపోతాడని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. చేతులు పని చేయకపోవడం చాలా ముందే వస్తుంది. లైఫ్ జాకెట్ ఉంటే ఆ గంట మీ చేతిలో ఉంటుంది, లేకపోతే పది నిమిషాలే. అందుకే మా గుంపులో లైఫ్ జాకెట్ గురించి చర్చ ఉండదు. ఒడ్డున నీళ్లలో పాదం పెట్టే ముందే అది ఒంటి మీద ఉండాలి.

బట్టల విషయంలో కొత్తవాళ్లు తప్పకుండా చేసే పొరపాటు ఒకటుంది. ఎండ చూసి బట్టలు వేసుకుంటారు. మీరు వేసుకోవాల్సింది నీటికి తగ్గ బట్టలు. మెడ, మణికట్ల దగ్గర రబ్బరు పట్టీలతో నీటిని ఆపే డ్రై సూట్, దాని లోపల ఫ్లీస్ లేదా ఉన్ని బట్టలు. నూలు బట్ట మాత్రం వద్దు, తడిస్తే ఒంట్లో వేడిని లాగేస్తుంది. చేతులకి తెడ్డుకే అంటిపెట్టుకుని ఉండే సంచి లాంటి తొడుగులు దొరుకుతాయి, వేళ్లు తెడ్డుని నేరుగా పట్టుకుంటూనే వెచ్చగా ఉంటాయి. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. కయాక్ అన్న మాట గ్రీన్‌లాండ్ ఇన్యుయిట్‌ల భాష నుంచి వచ్చింది. కొట్టుకొచ్చిన కలపతో చట్రం కట్టి, సీల్ చర్మం తొడిగి, ఒక్కొక్కరి ఒంటి కొలతకి తగ్గట్టు దాన్ని చేసుకునేవాళ్లు. 'తుయిలిక్' అనే చర్మపు అంగీ తలని, మణికట్లని బిగించి, పడవ నోటిని కూడా మూసేసేది. మనిషీ పడవా ఒకటే శరీరం. ఆ నీళ్లలో వేటాడి బతకాల్సినవాళ్లకి చలి విషయంలో మొహమాటం పనికిరాదని ముందే తెలుసు.

ఇక్కడ నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. డ్రై సూట్ కొనే స్తోమత ఈ ఏడాది లేకపోతే ఈ ఏడాది చలికాలపు సముద్రం వద్దు. చెరువులో, వేసవిలో, ఒడ్డుకి దగ్గరగా తెడ్డు వేయండి. స్నేహితులంతా వెళుతున్నారని అరువు తెచ్చుకున్న వదులు సూట్‌తో వెళ్లకండి. తమ్ముడు ఆ రోజు వేసుకున్నది అరువుదే.

గాలి మనతో ఉన్నప్పుడు

ఆ రోజు పొరపాటు తమ్ముడి ఒక్కడిదే కాదు. ఆగ్నేయం నుంచి గాలి వీస్తోంది. మేం వెళ్లేది ఉత్తరానికి. అంటే గాలి వెనక నుంచి వస్తోంది. వెనకగాలి అంత మాయచేసేది ఇంకొకటి లేదు. అది వీపుని తోస్తుంది, ముఖాన తగలదు. పడవ చకచకా పోతుంటే మనమే బలంగా తెడ్డు వేస్తున్నామనుకుంటాం. కెరటాలు కూడా మనతోపాటే పోతుంటాయి కాబట్టి వాటి ఎత్తు తెలియదు. వెనక్కి తిరిగిన క్షణంలో కానీ అసలు సముద్రం కనిపించదు.

గాలి వేగం రెండింతలైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. 10 నాట్ల గాలికి ఎదురుగా ఎలాగోలా లాక్కొచ్చే మనిషి, 20 నాట్లలో ఉన్నచోటే నిలబడడానికి అవస్థపడతాడు. నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు. ప్రశాంతమైన నీటిలో కయాక్ మామూలు నడక 3 నాట్లే. పైగా పక్కగాలి వీస్తుంటే కయాక్ ముక్కు దానంతటదే గాలివైపు తిరుగుతుంది. అడుగున ఉండే చిన్న రెక్కని కిందికి దించితే అది సర్దుకుంటుంది. ఆ రెక్క తాడు ఇసుకలో బిగుసుకుపోలేదని ఒడ్డునే చూసుకోవాలి.

అందుకే మా మొదటి అలవాటు ఇది: పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. దారిని అలా ఎంచుకుంటాం. కుదరకపోతే ఆ దారి మానేస్తాం. ఒంట్లో బలం ఉన్నప్పుడు కష్టం ముందు పడితే, ఎవరి ఓపిక ఎంతో మొదటి పావుగంటలోనే తెలిసిపోతుంది, తిరగడం సులువవుతుంది.

నేలవైపు నుంచి సముద్రంవైపు వీచే గాలి ఇంకా గడ్డుది. ఒడ్డున నిలబడి చూస్తే నీళ్లు నున్నగా ఉంటాయి, ఎందుకంటే గాలికి కెరటాన్ని లేపేంత చోటు అక్కడ ఉండదు. లోపలికి పోయిన కొద్దీ లేస్తుంది. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని లైమ్ బేలో 1993 మార్చి 22న జరిగింది అదే. ఎనిమిది మంది విద్యార్థులు, వాళ్ల ఉపాధ్యాయుడు, ఇద్దరు శిక్షకులు కయాక్‌లలో తీరం వెంబడి పక్క ఊరికి బయల్దేరారు. దూరం చాలా తక్కువ. గాలి వాళ్లని లోపలికి తోసేసింది, కెరటాలు పడవల్లో నీళ్లు నింపాయి. సహాయం చేరేసరికి గంటలు గడిచిపోయాయి. నలుగురు పిల్లలు చనిపోయారు. ఆ విషాదం తర్వాతే పిల్లల సాహస శిక్షణ కేంద్రాలకి లైసెన్సు తప్పనిసరి చేస్తూ బ్రిటన్‌లో 1995లో చట్టం వచ్చింది.

ఆ కథలో నన్ను నిద్రపోనివ్వని వివరం వేరే ఉంది. అంతకు ముందు ఏడాదే, ఆ కేంద్రంలో పనిచేసిన ఇద్దరు శిక్షకులు అక్కడ భద్రత సరిగా లేదని పైవాళ్లకి ఉత్తరం రాసి వెళ్లిపోయారు. చెప్పేవాళ్లు ఉన్నారు, ధైర్యంగా రాసి మరీ చెప్పారు. వినే ఏర్పాటు లేదు. మొహమాటం గురించి మాట్లాడేటప్పుడు మనం ఎప్పుడూ చెప్పలేనివాడినే మార్చాలని చూస్తాం. వినేవాడు మారకపోతే చెప్పేవాడి ధైర్యం ఎందుకూ కొరగాదు.

అంకెలకి మొహమాటం లేదు

నేను పెరిగింది కోనసీమలో, అంతర్వేదికి దగ్గర. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటుని అక్కడ మొగ అంటారు. వేటకి వెళ్లిన బోట్లు మొగ బయట పోటు కోసం ఆగి ఉండడం చిన్నప్పుడు చాలాసార్లు చూశాను. ఇల్లు కనిపిస్తూనే ఉంటుంది, పొయ్యి మీద అన్నం ఉడుకుతూ ఉంటుంది, అయినా ఆగుతారు. పాటు సమయంలో ఏటి నీరు బయటికి దూకుతుంటే, సముద్రం గాలి దానికి ఎదురొడ్డితే, అక్కడ కెరటం గోడలా నిటారుగా లేస్తుంది. పోటు వచ్చేదాకా ఆగిన మత్స్యకారుణ్ని పిరికివాడని ఎవరూ అనరు.

డిసెప్షన్ పాస్ కూడా అలాంటి మొగే, ఇంకా ఇరుకైనది. విడ్బీ, ఫిడాల్గో అనే రెండు ద్వీపాల మధ్య రాతిగోడల సందు అది. పైన 1935లో కట్టిన ఉక్కు వంతెన ఉంది. 1792లో ఇక్కడికొచ్చిన బ్రిటిష్ నావికుడు జార్జ్ వాంకూవర్ విడ్బీని ద్వీపం కాదని పొరబడ్డాడు, తన మనుషులు ఈ సందు కనిపెట్టాక తాను మోసపోయానని ఈ పేరు పెట్టాడు. ఈ సందులో ప్రవాహం 8 నాట్ల దాకా పోతుంది. మన కయాక్ 3 నాట్లని గుర్తుంచుకోండి. పాటు సమయంలో నీరు పడమటికి ఉరుకుతుంది, పడమటి గాలి దానికి ఎదురైతే సుడులూ నిటారు కెరటాలూ లేస్తాయి. కానీ ప్రవాహం దిశ మారే ముందు నీరు కాసేపు నిలబడుతుంది. ఆ సమయం నిమిషాలతో సహా పట్టికల్లో ముందే దొరుకుతుంది. మొదట తెలుసుకోవాల్సింది ఆ నిమిషమే. ఎన్నింటికి లేవాలి, ఎక్కడ టిఫిన్ చేయాలి అన్నవి దాన్ని బట్టి.

చిన్నప్పుడు రేడియోలో తుఫాను వార్తలు వినేవాళ్లం. కాకినాడ, మచిలీపట్నం రేవుల్లో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారంటే ఊరంతా మాటలు ఆపేసేవాళ్లు. ఆ నంబరుతో ఎవరూ వాదించరు. "ఫలానా ఆయన భయపడ్డాడు" అనడానికి అందులో ఫలానా ఆయన లేడు. నంబరుకి మొహమాటం లేదు. వయసు లేదు, బంధుత్వం లేదు.

చాక్లెట్ కాగితం రోజు సాయంత్రం మేం నలుగురం కూర్చుని చేసిన మొదటి పని మా నంబర్లు రాసుకోవడం. వాతావరణ శాఖ సముద్ర సూచనలో గాలి 15 నాట్లు దాటుతుందంటే ఆరుబయటి తీరానికి వెళ్లం. చిన్న పడవలకి హెచ్చరిక (ఆ ప్రాంతంలో అది 21 నాట్ల నుంచి మొదలవుతుంది) ఆ రోజు ఏ సమయానికి ఉన్నా బయల్దేరం. డిసెంబరు చివర్లో అక్కడ సాయంత్రం 4:20కే పొద్దుగుంకుతుంది. అందుకని ఎక్కడున్నా, ఎంత బాగున్నా, ఒంటిగంటకి పడవలు వెనక్కి తిరగాలి. ఇవి మా నలుగురి ఓపికకీ సరిపడ్డ అంకెలు. మీరు కొత్తవాళ్లయితే మీ అంకె 10 నాట్ల దగ్గర ఆగాలి. నీళ్ల మీద అక్కడక్కడా తెల్లటి నురగ తలలు లేవడం మొదలైతే అది మీకు ఎర్రజెండా.

అంకెని శుక్రవారం రాత్రి, ఇంట్లో, కడుపునిండా తిన్నాక నిర్ణయించుకోవాలి. శనివారం ఉదయం ఒడ్డున నిర్ణయించకూడదు. గంటన్నర కారు నడిపి, పడవలు దించి, సూట్లు తొడుక్కున్నాక ఏ మనిషికైనా 17 కూడా 15 లాగే కనిపిస్తుంది.

చిన్నవాడి నుంచి మొదలు

అంకెలు సగం పనే చేస్తాయి. మిగతా సగం మనుషులది.

మా గుంపులో అన్నయ్యకి యాభై దాటాయి. మా అందరికీ తెడ్డు పట్టడం నేర్పింది ఆయనే. కేకలేసే మనిషి కాదు, ఎవరినీ కించపరచి ఎరగడు. అయినా ఒడ్డున నిలబడి ఆయన "ఏమంటారు, వెళదామా?" అంటే మేం ముగ్గురం "పదండి అన్నయ్యా" అనేవాళ్లం. పెద్దవాడు ముందు తన మనసు చెప్పాక చిన్నవాళ్లు కాదనలేకపోవడం మన పెంపకంలోనే ఉంది. అది చెడ్డ పెంపకమని నేననను. పెద్దల ముందు మాట ఆచితూచి వాడటం నాకు నచ్చుతుంది. కానీ ఆ మర్యాదని నీళ్ల మీదికి తీసుకెళ్లకూడదు.

దీనికి వదిన కనిపెట్టిన ఉపాయం చాలా సులువైనది. మాట్లాడే వరస తిప్పేసింది. ఒడ్డున తమ్ముడు ముందు చెప్పాలి, తర్వాత నేను, తర్వాత వదిన, చివర అన్నయ్య. తన వంతు వచ్చేదాకా అన్నయ్య ముఖం కూడా సముద్రంవైపే తిప్పి ఉంచాలి. ఎందుకంటే ఆయన కళ్లలో మెరుపు చూస్తే మాకు మాట మారిపోతుంది. ఎవరు "వద్దు" అన్నా అక్కడితో అయిపోయింది. కారణం అడగం. ఇది చాలా ముఖ్యం. కారణం అడిగితే చెప్పేవాడు దాన్ని నిరూపించుకోవాలి. చలి, అనుమానం, రాత్రి నిద్ర సరిగా పట్టకపోవడం, ఊరికే మనసొప్పకపోవడం, వీటిని ఎలా నిరూపిస్తాడు? నిరూపించలేనని తెలిస్తే అసలు నోరే విప్పడు.

మీ ఆఫీసు సమావేశంలో, ఇంట్లో పెళ్లి ఖర్చుల మాటల్లో ఈ వరస ఒకసారి పెట్టి చూడండి. అందరికంటే చిన్న ఉద్యోగిని, కొత్త కోడలిని, ఇంటర్ చదివే కుర్రాణ్ని ముందు మాట్లాడనివ్వండి. మీకు ఇన్నాళ్లూ వినిపించని మాటలు వినిపిస్తాయి.

నీళ్ల మీదికి వెళ్లాక ఇంకో సంగతి. "బాగున్నావా?" అని అడగడం మానేశాం. ఆ ప్రశ్నకి మన భాషలో ఒకటే జవాబు ఉంది. పుట్టెడు జ్వరంలో ఉన్నవాడు కూడా బాగున్నాననే అంటాడు. దాని బదులు అరగంటకోసారి "వేలు చూపించు" అంటాం. తొడుగులోంచి చెయ్యి తీసి బొటనవేలిని చిటికెన వేలికి ఆనించి చూపాలి. ఆనకపోతే మాటలతో పనిలేదు, దగ్గరి ఒడ్డుకి పోవడమే. చలి ఒంట్లోకి దిగుతుంటే మూడు తడబాట్లు కనిపిస్తాయి. చెయ్యి తడబడుతుంది, మాట తడబడుతుంది, ఒడ్డెక్కితే అడుగు తడబడుతుంది. గలగలా మాట్లాడే మనిషి మౌనంగా ఉంటే అది నాలుగోది. ఇవి తనకి కనిపించవు, పక్కవాడికే కనిపిస్తాయి. స్నేహితులతో వెళ్లడంలో అసలు అర్థం ఇదేనని నా నమ్మకం.

అందుకని పడవల మధ్య దూరం ఎప్పుడూ మామూలు గొంతుతో పిలిస్తే వినబడేంతే. గాలిలో గొంతు ఎంత దూరం పోతుందో మీరు ఊహించిన దానికంటే చాలా తక్కువ. నెమ్మదిగా వెళ్లేవాళ్లు ముందుండాలి, గట్టివాళ్లు వెనక. అందరికంటే నెమ్మదైన వాళ్ల వేగమే గుంపు వేగం. బలమైనవాడు ముందుకి దూసుకెళ్లి, ఆగి, వెనకవాళ్లు చేరగానే మళ్లీ బయల్దేరితే, అతనికి విశ్రాంతి దొరుకుతుంది, అలసినవాడికి దొరకదు. చాక్లెట్ కాగితం రోజున మేం చేసింది అదే.

బోల్తా పడటం కూడా కలిసి నేర్చుకోవాల్సిందే. శిక్షణ పొందిన గురువు దగ్గర, ముందు ఈతకొలనులో, తర్వాత ప్రశాంతమైన చెరువులో. పడవ నోటిని మూసే స్ప్రే స్కర్ట్ అంచున లాగే ఉచ్చు ఉంటుంది. దాన్ని కట్టుకునేటప్పుడు ఆ ఉచ్చు బయటికే ఉందో లేదో పక్కవాడు కళ్లతో చూడాలి. బోల్తాపడ్డ మనిషి తెడ్డునీ పడవనీ వదలకూడదు. రక్షించేవాడు వచ్చి, తలకిందులైన పడవ ముక్కుని తన పడవ మీదికి అడ్డంగా లాగి, నీళ్లు ఒంపేసి, తిరగేసి, తన పడవ పక్కన చేర్చి గట్టిగా పట్టుకుంటాడు. పడ్డవాడు కాళ్లాడిస్తూ వెనకభాగం మీదికి బోర్లా పాకి, మెల్లగా తిరిగి లోపల కూర్చుంటాడు. మాకు మొదటిసారి ఏడు నిమిషాలు పట్టింది. ఆ ఏడు నిమిషాలు 10 నిమిషాల్లోంచే ఖర్చయ్యాయని వదిన గుర్తు చేసింది. ఆ చలికాలమంతా ఆదివారాలు ఈతకొలనులో గడిపి రెండు నిమిషాలకి తెచ్చాం.

వస్తువుల గురించి ఎక్కువ చెప్పను. రేడియో లైఫ్ జాకెట్‌కే ఉండాలి, పడవలో కాదు. తీర రక్షక దళాన్ని పిలిచే 16వ ఛానెల్ ఎలా పెట్టాలో నలుగురికీ రావాలి. ఎక్కడికి వెళుతున్నాం, ఎన్నింటికి ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలి అన్నది కాగితం మీద రాసి ఇంట్లో ఒకరికి ఇచ్చి వెళ్లాలి. నీళ్లు దూరని సంచిలో ఒక జత పొడి బట్టలు, ఉన్ని టోపీ. ఫ్లాస్కులో పంచదార ఎక్కువేసిన టీ. ఇక తినేవి ఏవైనా కాగితాలు విప్పి, ముక్కలు చేసి, వెడల్పు మూత డబ్బాలో వేయాలి. మా డబ్బాలో ఇప్పుడు వేరుశనగ చిక్కీ, నువ్వులుండలు ఉంటాయి. చల్లబడిన మనిషికి తడి బట్టలు విప్పి పొడివి తొడగాలి, గాలి తగలకుండా కప్పాలి, తెలివిగా ఉండి మింగగలిగితే తియ్యటి వేడి టీ ఇవ్వాలి. చేతులూ కాళ్లూ రుద్దకూడదు, మద్యం ఇవ్వకూడదు. వణుకు ఆగిపోయి మనిషి మగతగా ఉంటే పడుకోబెట్టి, కదలించకుండా, సహాయం కోసం పిలవాలి.

ఆ రోజు తమ్ముడికి అంతదాకా రాలేదు. అన్నయ్య అక్కడే పడవలని దగ్గర్లోని గులకరాళ్ల ఒడ్డుకి తిప్పించాడు. నా సంచిలో పొడి చొక్కా ఉంది. ఆయన రోడ్డు పట్టుకుని నడిచి వెళ్లి కారు తెచ్చాడు. తిరుగు దారిలో వంతెన మీద ఆగి చూస్తే నీళ్లన్నీ తెల్లటి నురగ. ఎవరం ఏమీ మాట్లాడలేదు.

వద్దన్న రోజు

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఇంకో శనివారం. గాలి 8 నుంచి 12 నాట్లు, ప్రవాహం దిశ మారేది పదిన్నరకి, ఆకాశంలో నీలం. అన్ని అంకెలూ మా గీతకి ఇవతలే ఉన్నాయి. పడవలు నీటి అంచున పెట్టి వరస మొదలుపెట్టాం. తమ్ముడు చాలాసేపు నీళ్లకేసి చూశాడు.

"ఈ రోజు వద్దన్నయ్యా."

అన్నయ్య సముద్రంవైపు నుంచి తిరిగాడు. "సరేరా" అన్నాడు. వెంటనే వంగి తమ్ముడి పడవ ముక్కు ఎత్తి పట్టుకున్నాడు. తన పడవ కాదు, తమ్ముడిది. ఇద్దరూ దాన్ని కారు దగ్గరికి మోసుకెళ్లారు.

ఆ తర్వాత జరిగిందే అసలు పరీక్ష. గాలి లేవలేదు. పదకొండున్నరకి నీళ్లు అద్దంలా ఉన్నాయి. వేరే గుంపు ఒకటి ఆరు పడవలతో వచ్చి, నవ్వుకుంటూ డిసెప్షన్ ద్వీపం వైపు వెళ్లి, రెండు గంటల్లో క్షేమంగా తిరిగొచ్చింది. నీటి కాకులు రాళ్ల మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. ఒక సీల్ తల పైకెత్తి మమ్మల్ని చూసి మళ్లీ మునిగింది. అంత మంచి రోజు ఆ చలికాలంలో మళ్లీ రాలేదు.

వద్దన్నవాడి మాట నిజమైతే వాణ్ని మెచ్చుకోవడం తేలిక. తుఫాను వచ్చాక ఎవరైనా మెచ్చుకుంటారు. ఏమీ జరగని రోజు ఆ మనిషితో మీరెలా ఉంటారన్న దాన్ని బట్టే, మళ్లీసారి అతను నోరు తెరుస్తాడా లేదా అన్నది తేలుతుంది. "చూశావా, హాయిగా వెళ్లొచ్చేవాళ్లం" అన్న ఒక్క మాట చాలు. నవ్వుతూ అన్నా చాలు. ఒక నిట్టూర్పు కూడా చాలు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. తమ్ముడు అప్పుడే నాకేసి చూశాడు, ముఖంలో అదే భయం, ఏడాది కిందట "బానే ఉన్నా" అన్నప్పటిది. నేను ఫ్లాస్కు మూత తిప్పాను.

బోమన్ బే ఒడ్డున 1930లలో రాతితో, దుంగలతో కట్టిన పాత షెడ్డు ఉంది. దాని కింద బల్ల మీద వదిన పులిహోర డబ్బా విప్పింది. అన్నయ్య తమ్ముడి డ్రై సూట్ మణికట్టు పట్టీ పట్టుకుని చూసి, అంచు కాస్త పగిలిందని, మార్పిద్దామని చెప్పాడు. ఎందుకు వద్దన్నాడో ఆయన అప్పుడూ అడగలేదు, ఇప్పటిదాకా అడగలేదు. తమ్ముడు రెండోసారి పులిహోర వడ్డించుకుని, ఫోన్‌లో ప్రవాహాల పట్టిక తీశాడు.

"వచ్చే శనివారం నీళ్లు నిలబడేది పదకొండూ యాభైకి అన్నయ్యా. కాస్త ఆలస్యంగా లేవొచ్చు."